మేరీవిల్ జనాభా లెక్కలో మేం నలుగురం

అమెరికాలో ఎమ్మెస్ చేసిన తెలుగువాళ్లను కదిపితే చాలాసార్లు ఒక యూనివర్సిటీ పేరు వినిపిస్తుంది: నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్. అక్కడ చదివినవాళ్లు మన ఫ్రెండ్స్‌లోనో చుట్టాల్లోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. కానీ ఆ యూనివర్సిటీ ఉన్న ఊరి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 'ఏముందక్కడ, మొక్కజొన్న చేలు తప్ప' అని తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2018 ఆగస్టు నుంచి 2020 వేసవి దాకా నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. ఊరి పేరు మేరీవిల్. దాని గురించి ఎవరో ఒకరు తెలుగులో నాలుగు మాటలు రాయాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

మిస్సోరీ రాష్ట్రం మ్యాపులో ఎడమ పక్క పైమూల చూడండి. అయోవా సరిహద్దును ఆనుకుని నాడవే కౌంటీ ఉంటుంది. ఆ కౌంటీకి నడిమధ్యన మేరీవిల్. మన భాషలో చెప్పాలంటే జిల్లా కేంద్రం. కాన్సస్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి ఉత్తరానికి గంటన్నర ప్రయాణం. మధ్యలో సెయింట్ జోసెఫ్ అనే ఊరు దాటాక ఇళ్లు పలచబడతాయి. ఇక ఆ తర్వాత రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్న, సోయాబీన్, మళ్లీ మొక్కజొన్న. నన్ను తీసుకురావడానికి వచ్చిన సీనియర్ అక్క కారులో పాటలు పెట్టింది. నేను మాత్రం కిటికీలోంచి జనం కోసం వెతుకుతున్నాను. చేలల్లో ఒక్క మనిషి కనబడలేదు. మాది బాపట్ల దగ్గర పల్లె. పొలం అంటే నాట్లు వేసే కూలీలు, గట్టు మీద సద్ది మూటలు, ఎడ్లబండో ట్రాక్టరో, వీటన్నిటి సందడి. అంత పచ్చటి పైరు మధ్య మనిషి అలికిడి లేకపోవడం నాకు వింతగా అనిపించింది. 'అక్కా, ఈ పొలాలన్నీ ఎవరు చేస్తారు?' అని అడిగాను. 'ఏమో, ఎప్పుడూ చూళ్లేదు' అంది.

నాడవే కౌంటీ విస్తీర్ణం దాదాపు 878 చదరపు మైళ్లు, అంటే 2,270 చదరపు కిలోమీటర్ల పైమాట. మిస్సోరీలోని 114 కౌంటీల్లో పెద్దవాటిలో ఒకటి. 2010 లెక్కల్లో అక్కడి జనాభా 23,370. అందులో సగం మంది, 11,972, మేరీవిల్ ఊళ్లోనే. అప్పటి మా గుంటూరు జిల్లాలో 2011 నాటికి దాదాపు 49 లక్షల మంది. బాపట్ల ఒక్క పట్నమే 70 వేలు. చదరపు కిలోమీటరుకి గుంటూరు జిల్లాలో 400 మందికి పైగా ఉంటే నాడవేలో పదిమంది. ఈ అంకెలు నేను అక్కడికి వెళ్లిన మొదటి వారంలోనే ఇంటర్నెట్‌లో చూసి అమ్మకి ఫోన్‌లో చెప్పాను. 'పదివేల మంది అంటే మన పక్క ఊరంత లేదు కదే, దాన్ని జిల్లా కేంద్రం అంటారా?' అని అమ్మ ఆశ్చర్యపోయింది.

అంటారు, నిజంగానే అంటారు. ఊరి మధ్యలో నాలుగు వీధులు చుట్టుకున్న చతురస్రం, దాని నడుమ 1880ల్లో కట్టిన ఎర్ర ఇటుకల కోర్టు భవనం, పైన గడియారపు గోపురం. భూమి రిజిస్ట్రేషన్, పన్ను, పెళ్లి లైసెన్సు, కోర్టు కేసు, కౌంటీ జనం ఏ పని మీదైనా అక్కడికి రావాల్సిందే. ఆసుపత్రి ఉంది. కవాసాకి వాళ్ల ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది. 1905లో పెట్టిన యూనివర్సిటీ ఉంది. ఎనర్జైజర్ బ్యాటరీల ఫ్యాక్టరీ ఒకటి ఉండేదట, 2013లో మూతపడింది. దాని గురించి మాట్లాడేటప్పుడు అక్కడి పెద్దవాళ్ల గొంతు మారిపోయేది. పదివేల ఊళ్లో ఒక ఫ్యాక్టరీ మూతపడితే అది పేపర్లో వార్త కాదు, పక్కింటి సంగతి.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో కూడా అక్కడే తెలుసుకున్నాను. 1845లో కౌంటీ ఏర్పడ్డప్పుడు కౌంటీ క్లర్కుగా ఉన్న ఏమస్ గ్రాహం అనే ఆయన భార్య పేరు మేరీ. ఆమె పేరే ఊరికి పెట్టారు. మన వైపు రాజుల పేర్లతో, దేవుళ్ల పేర్లతో ఊళ్లు చూశాను గానీ ఒక గుమస్తా గారి ఇల్లాలి పేరుతో జిల్లా కేంద్రం ఉండటం నాకు భలే నచ్చింది. అయితే ఆ నేల అంతకు ముందు ఎవరిదో కూడా చెప్పుకోవాలి. ఐయొవే తెగ వాళ్లూ, సాక్, ఫాక్స్ తెగల వాళ్లూ అక్కడ ఉండేవారు. 1836లో ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం రాయించుకుని, 7,500 డాలర్లిచ్చి దాదాపు 20 లక్షల ఎకరాలు తీసేసుకుంది. మరుసటి ఏడాది ఆ భూమిని మిస్సోరీలో కలిపేశారు. ఇప్పటి మొక్కజొన్న చేలలో చాలా భాగం ఆ భూమే. ఎకరాకి, డాలర్లో నూరో వంతైన సెంటులో సగం కూడా పడలేదు. రైతు కుటుంబంలో పుట్టిన నాకు ఆ లెక్క కట్టి చూసినప్పుడు కడుపులో తిప్పినట్టయింది.

నేను ఆ ఊరి గురించి నిజంగా తెలుసుకుంది మా అద్దె ఇంటాయన వల్ల. డెబ్బై దాటిన మనిషి. పొలం మానేసి, ఊళ్లో రెండు ఇళ్లు మాలాంటి విద్యార్థులకి అద్దెకిచ్చేవారు. హీటర్ బాగుచేయడానికి వచ్చినప్పుడు మాటల్లో, మా నాన్న కూడా రైతేనని చెప్పాను. ఎన్ని ఎకరాలని అడిగారు. నాలుగున్నర అన్నాను. నాలుగున్నర వందలనుకున్నారు. కాదని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఆ నాలుగున్నర మీద నిన్ను ఇక్కడిదాకా చదివించాడా?' అని అడిగారు. 'అప్పు కూడా చేశారండీ' అన్నాను. ఆ వారాంతం తన పికప్ ట్రక్కులో నన్నూ మా రూమ్మేట్‌నీ తను పుట్టి పెరిగిన పొలానికి తీసుకెళ్లారు.

అక్కడి రోడ్ల సంగతి చెప్పాలి. ఊరు దాటగానే మైలుకొక రోడ్డు, తూర్పు పడమరలుగా, ఉత్తర దక్షిణాలుగా, గళ్ల నోటుపుస్తకం గీసినట్టు. ఒక గడి అంటే ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. దాన్ని సెక్షన్ అంటారు. అందులో నాలుగో వంతు 160 ఎకరాలు, అదొక క్వార్టర్. రోడ్లు చాలావరకు కంకర రోడ్లే. మన డెల్టాలో లాగా నేల బల్లపరుపుగా ఉంటుందనుకుంటాం గానీ కాదు, మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ప్రతి దిగుడు దగ్గరా ఏదో ఒక వాగు. నాడవే, వన్ హండ్రెడ్ అండ్ టూ, ప్లాట్, ఈ మూడు నదులూ ఉత్తరం నుంచి దక్షిణానికి కౌంటీ పొడవునా పక్కపక్కన పారి చివరికి మిస్సోరీ నదిలోకి చేరతాయి. నదికి నూటరెండు అని పేరేంటని అడిగితే పెద్దాయన మూడు రకాల కథలు చెప్పి, 'నీకు నచ్చింది తీసుకో' అన్నారు.

ఆయన దారి పొడవునా ట్రక్కు ఆపి ఆపి చూపించారు. ఎకరాల కొద్దీ కోసేసిన మొక్కజొన్న మోళ్ల మధ్య అక్కడక్కడా నాలుగైదు చెట్ల గుంపు ఉంటుంది. నేనైతే నీడ కోసం వదిలేశారనుకున్నాను. 'అది ఇల్లు. అక్కడ ఆరుగురు పిల్లలుండేవారు. అది ఇంకో ఇల్లు. అదిగో, ఆ మూలన బడి' అని చెప్తూ పోయారు. ఉత్తరపు గాలికి అడ్డంగా ఇంటి వెనక నాటుకున్న చెట్లట అవి. ఇల్లు కూలగొట్టాక కూడా చెట్లు మిగిలాయి. ఒక చోట దిగి నడిచాం. పునాది రాళ్లు గడ్డిలో కాలికి తగిలాయి. చేతి పంపు ఒకటి తుప్పు పట్టి నిలబడి ఉంది. మళ్లీ వేసవిలో అటు వెళ్లినప్పుడు చూద్దుం కదా, అదే చోట మెట్లుండే జాగాలో వరసగా నారింజ రంగు లిల్లీ పూలు పూసి ఉన్నాయి. ఎవరో ఇల్లాలు గుమ్మం పక్కన నాటుకున్న దుంపలు. నీళ్లు పోసే దిక్కు లేకపోయినా ఏటేటా పూస్తున్నాయి. మా నాయనమ్మ నాటిన కనకాంబరాలు గుర్తొచ్చి నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను.

1900లో నాడవే కౌంటీ జనాభా 32,938. ఈ అంకె చూసినప్పుడు మొదట నమ్మబుద్ధి కాలేదు. మన దగ్గర జనాభా లెక్క అంటే పెరగడమే తప్ప తగ్గడం నేను వినలేదు. అక్కడ నూరేళ్లలో మూడో వంతు జనం పోయారు. కరువు వల్ల కాదు, యుద్ధం వల్ల కాదు. గుర్రాలూ కంచర గాడిదలూ పోయి ట్రాక్టర్లొచ్చాయి, ఆ తర్వాత ఒకేసారి పదీ పన్నెండు సాళ్లు కోసే యంత్రాలొచ్చాయి. క్వార్టర్‌కి ఒక కుటుంబం ఉన్నచోట ఇప్పుడు ఒకే కుటుంబం రెండు వేల ఎకరాలు చేస్తుంది. పైరు తగ్గలేదు, పంట పెరిగింది కూడా. చేసే మనుషులే అక్కర్లేకుండా పోయారు. వాళ్ల పిల్లలు కాన్సస్ సిటీకీ ఒమాహాకీ వెళ్లిపోయారు. మొదటి రోజు కారులో నేను అడిగిన ప్రశ్నకి జవాబు ఇదన్నమాట.

ఆ ఖాళీలోనే గొప్ప సంగతులు కూడా ఉన్నాయి. మేరీవిల్ నుంచి తూర్పు వైపు అరగంట లోపు వెళ్తే కన్సెప్షన్ అనే చిన్న పల్లె. అక్కడ 1873లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన సన్యాసులు స్థాపించిన క్యాథలిక్ మఠం ఉంది. చేల మధ్యలోంచి రెండు గోపురాలు దూరం నుంచే కనబడతాయి. లోపల గోడల నిండా బొమ్మలు. వేళకి సన్యాసులందరూ వచ్చి ప్రార్థన పాడతారు, ఎవరైనా వెళ్లి కూర్చుని వినొచ్చు. ఆ చుట్టుపక్కల వరసగా గాలిమరలు, కరెంటు తయారుచేసేవి. అలాగే డేల్ కార్నెగీ పుట్టింది కూడా మేరీవిల్ దగ్గరే, 1888లో, పేద రైతు ఇంట్లో. మన రైల్వే స్టేషన్ల బుక్ స్టాళ్లలో ఆయన పుస్తకాల తెలుగు అనువాదాలు చూడనివాళ్లు ఉండరు. ఆయన పుట్టిన ఊళ్లో చదువుతున్నానని చెబితే మా నాన్నకి యూనివర్సిటీ పేరు కన్నా అదే ఎక్కువ గర్వంగా ఉండేది. ఊళ్లో అందరికీ చెప్పుకున్నారు.

చలి గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. 2019 జనవరి ఆఖర్లో ధ్రువం నుంచి దిగిన గాలికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కిందకి పోయింది, తడి జుట్టుతో బయటికెళ్తే జుట్టు గడ్డకట్టింది, అంతే. దానికన్నా ఆ మార్చిలో వచ్చిన వరద బాగా గుర్తు. నెబ్రాస్కా, అయోవాల్లో మంచు ఒక్కసారిగా కరిగి, పైన వాన పడి మిస్సోరీ నది కట్టలు తెంచుకుంది. పడమటి కౌంటీల్లో ఐ-29 హైవేని చాలాకాలం మూసేశారు. మేరీవిల్‌కి ఆ నది దూరమే. కానీ మా ఇంటాయన లాంటి వాళ్లు ట్రక్కుల్లో నీళ్లూ గడ్డి మోపులూ వేసుకుని వెళ్లడం చూశాను. దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగినదాన్ని, నీళ్లని చూసి భయపడే మనుషులు ఎక్కడైనా ఒకేలా మాట్లాడతారని అప్పుడు తెలిసింది.

మా తెలుగు పిల్లల లోకం ఇంకోలా ఉండేది. ఊళ్లో రెండు పెద్ద దుకాణాలు, హైవీ, వాల్‌మార్ట్. కందిపప్పు, సోనామసూరి, గోంగూర పచ్చడి కావాలంటే కాన్సస్ సిటీ వెళ్లాల్సి వచ్చేది. కారున్న సీనియర్ బయల్దేరుతున్నారంటే వాట్సాప్ గ్రూపులో చీటీ మీద చీటీ. బియ్యం బస్తాలు డిక్కీ నిండి వెనక సీట్లో కూడా కూర్చునేవి. పచ్చిమిర్చి దొరక్కపోతే హలపీన్యోలనే మెక్సికన్ మిరపకాయలతోనే సరిపెట్టుకున్నాం, ఆవపెట్టిన పులిహోరలో కూడా. అపార్ట్‌మెంట్ మెట్ల మీద పోపు వాసన వస్తే ఏ ఇంట్లో ఎవరి వంట వంతో చెప్పేసేవాళ్లం. అక్టోబర్‌లో పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ పండగ శుక్రవారం గంట మోగించి క్లాసులన్నిటికీ సెలవిచ్చేస్తారు, దాన్ని వాకౌట్ డే అంటారు. క్యాంపస్‌లో విద్యార్థుల దేశాల జెండాలన్నీ ఎగిరే ప్రాంగణం ఒకటుంది. మా జెండా కింద నిలబడి ఫొటో దిగకుండా ఏ తెలుగు పిల్లా ఆ ఊరు వదిలి ఉండదు.

మే నెలలో సెమిస్టర్ అయిపోతే ఊరు సగం ఖాళీ. అప్పుడు తెలిసేది అసలు మేరీవిల్ ఏదో. కోర్టు చుట్టూ ఉన్న వీధుల్లో పార్కింగ్ ఎక్కడ పడితే అక్కడ దొరికేది. బ్యాంకులో, పోస్టాఫీసులో మమ్మల్ని గుర్తుపట్టి, 'వేసవికి ఇక్కడే ఉన్నారా?' అని పలకరించేవాళ్లు. ఆరేడు వేలమంది విద్యార్థుల్లో కలిసిపోయే మేం ఆ రెండు నెలలూ విడివిడిగా కనబడేవాళ్లం. నాకు ఆ ఊరి మీద ప్రేమ పుట్టింది ఆ వేసవిలోనే. హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినా మా హాస్టల్ వీధిలో నా పేరు తెలిసిన మనిషి లేడు.

2020 మార్చిలో సెన్సస్ వాళ్ల ఉత్తరం వచ్చింది. సరిగ్గా అదే రోజుల్లో కరోనా వల్ల క్లాసులు ఆన్‌లైన్ అయ్యాయి. అమెరికన్ పిల్లలు సామాన్లు కార్లలో సర్దుకుని ఇళ్లకి వెళ్లిపోయారు. మాకు వెళ్లడానికి విమానాల్లేవు. ఇంట్లో టెన్షన్, ఇక్కడ టెన్షన్, ఉద్యోగాల టెన్షన్ వేరే. ఆ ఇంట్లో కలిసి ఉంటున్న మేం నలుగురం వంటగది బల్ల చుట్టూ కూర్చుని ఆ ఉత్తరం చదివాం. వీసా మీద ఉన్నవాళ్లం, మనల్ని లెక్కేస్తారా అని ఒకమ్మాయికి అనుమానం. ఏప్రిల్ 1న మామూలుగా ఉండే ఇల్లు ఏదో, ఆ ఇంట్లో లెక్క. పౌరసత్వం అందులో అడగలేదు. ఇంటాయనకి ఫోన్ చేస్తే, 'తప్పకుండా నింపండి. మనిషి తక్కువైతే కౌంటీకి వచ్చే నిధులు తగ్గుతాయి. మాకు ఒక్కొక్కరూ కావాలి' అన్నారు.

ఆ ఆఖరి మాట నన్ను పట్టేసింది. మాకు ఒక్కొక్కరూ కావాలి. కాలేజీ సీటు దగ్గర, వీసా కిటికీ దగ్గర, ఉద్యోగం దగ్గర, ఎక్కడ చూసినా మనిషి ఎక్కువైపోయి తోసుకునే చోటు నుంచి వచ్చినదాన్ని. అప్పటిదాకా నాతో ఎవరూ ఆ మాట అనలేదు. ల్యాప్‌టాప్‌లో ఉత్తరం మీదున్న నంబరు కొట్టి, నలుగురి పేర్లూ, పుట్టిన తేదీలూ నింపాం. నింపేటప్పుడు మా రూమ్మేట్ ఇంటిపేరు స్పెల్లింగ్ రెండుసార్లు సరిచూసుకుంది, హాల్ టికెట్‌లో చూసుకున్నట్టే.

మరుసటి ఏడాది ఆగస్టులో లెక్కలు బయటికొచ్చేసరికి నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మేరీవిల్ 10,633. నాడవే కౌంటీ 21,241. పదేళ్లలో కౌంటీలో రెండు వేలమందికి పైగా తగ్గారు. ఆ 10,633లో మేం నలుగురం ఉన్నాం. స్క్రీన్ షాట్ తీసి పాత గ్రూపులో పెడితే అందరూ ఎగిరి గంతేశారు. డల్లాస్ చుట్టుపక్కల లక్షలమంది మధ్య నేనొకదాన్ని ఉన్నా లేకపోయినా తేడా ఏమీ తెలియదు. ఆ అంకెలో మాత్రం మేం లేకపోతే చివర మూడు బదులు తొమ్మిది ఉండేది.

మన దేశంలో 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. ఇప్పుడు 2027 మార్చి 1 తేదీ మీద లెక్కిస్తామని ప్రకటించారు. కిందటిసారి 2011లో మా ఊరి బడి పంతులుగారు మా అరుగు మీద కూర్చుని మా ఇంట్లో ఐదుగురి పేర్లు రాసుకున్నారు. నాయనమ్మ పోయింది. తమ్ముడు బెంగళూరులో, నేను ఇక్కడ. ఈసారి వచ్చేవాళ్లు అమ్మా నాన్నల పేర్లు రెండే రాసుకుంటారు. మా వీధిలో చాలా ఇళ్లది ఇదే వరస.

ఈమధ్య ఇంటాయనకి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. 'మరి మీ నాన్న పొలం ఎవరు చేస్తున్నారు?' అన్నారు వెంటనే. మోకాళ్ల నొప్పులతో కౌలుకిచ్చేశారని చెప్పాను. తనదీ కౌలుకేనట. ఎకరానికి ఎంతిస్తారని అడిగారు. బస్తాల్లో చెప్పాను. బస్తా అంటే ఎంతని అడిగారు. 75 కిలోలన్నాను. ఆయన దాన్ని పౌండ్లలోకీ, అక్కడి ధాన్యం కొలత అయిన బుషెళ్లలోకీ మార్చుకుని, ధాన్యం ధర అడిగి, వాళ్ల ఎకరం కౌలుతో పోల్చి, 'మీ నాన్నకి రావాల్సిన దానికన్నా తక్కువిస్తున్నారు, వచ్చే ఏడాది గట్టిగా అడగమను' అన్నారు. నాన్నకి చెప్పాను. సంక్రాంతి తర్వాత అడుగుతానన్నారు.